చెమట పెట్టె, పెళ్లి పీట

బొబ్బిలిలో మా వదిన కొత్త ఇంట్లోకి దిగిన రోజున నాకు కుర్చీ వేశారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఎడమ చెయ్యి ఆనించే చోట చిన్న పగులు ఉంది. అందరూ చాపల మీద వరుసగా భోజనానికి కూర్చున్నారు. నేనూ కుచ్చెళ్లు సర్దుకుని కూర్చోబోతున్నాను. గోడ పట్టుకుని వంగడంలో కాస్త ఆలస్యమైంది, అంతే. ఈలోగా వరుస చివరి నుంచి వదిన గొంతు వినిపించింది. వదినంటే మా ఆయనకు పెద్దక్క.

“ఒరే, దానికో కుర్సీ ఎయ్యండర్రా! కిందన కూకుంటే మళ్లీ నెగనేదు.”

లేవలేనట! యాభైమంది తలలు తిప్పి చూశారు. కుర్చీ వచ్చింది. విస్తరి ఒళ్లో పెట్టుకోలేను కాబట్టి స్టూలు కోసం వెతికారు. స్టూలు దొరికేసరికి పులిహోర అయిపోయింది. మళ్లీ కలుపుతారా అని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

చెయ్యి కడుక్కునే చోట వదిన నా పక్కకు వచ్చి నిలబడి, గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అసలు మాట అంది.

“మాఘంలో గుంట పెళ్లి కదేటే. కన్నేదానానికి గంటన్నర పీటల మీద కూకోవాల. నీకు కష్టమైతే మొగమాటపడకు. నానూ మీ అన్నయ్యా కూకుంటాం.”

నా ఒక్కగానొక్క కూతురి పెళ్లి. దాని చెయ్యి పెళ్లికొడుకు చేతిలో పెట్టేది వదిన, నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసేది! బొబ్బిలి నుంచి శ్రీకాకుళం వచ్చేదాకా బస్సులో నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. మా ఆయన మాత్రం “అక్క మంచికే అంది” అని ఒకసారి అన్నాడు. అది కూడా నాకు గుర్తుంది.

నిజం చెప్పాలంటే నా మోకాళ్లు నేలను మరిచిపోయాయి. ముప్ఫై ఏళ్లు తపాలా ఆఫీసు కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లో భోజనం బల్ల మీద. పూజ కూడా స్టూలు మీద కూర్చునే. మాఘానికి ఇంకా నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలల్లో గంటన్నర నేల మీద కూర్చోవడం, కూర్చున్నదాన్ని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం నేర్చుకోవాలనుకున్నాను. ఇంకేమీ కోరుకోలేదు.

మా అమ్మాయి ఎచ్చెర్ల యూనివర్సిటీలో పనిచేస్తుంది. కుర్చీ కథ వారం రోజులు విన్నాక అదే ఒక సాయంత్రం, “అమ్మా, నీకు వేడి తగిలితే ఒళ్లు వదులవుతుందేమో. ఇంట్లో పెట్టుకునే సౌనా ఒకటి తెప్పిస్తాను, గానీ నువ్వు ఆ కుర్చీని ఇంక ఒగ్గేయాల” అంది. సౌనా తెప్పించమన్నాను. కుర్చీ సంగతి ఏమీ అనలేదు.

అలా మా అరసవల్లి ఇంటి ముందు గదిలోకి ఇన్‌ఫ్రారెడ్ సౌనా వచ్చింది. చూడ్డానికి నిలువు చెక్క బీరువాలా ఉంటుంది. ముందు గాజు తలుపు, లోపల ఒక మనిషి కూర్చునే బల్ల, గోడలకు నల్లటి పలకలు. ఆ పలకలు ఎర్రగా కాలవు, ఆవిరి రాదు. చలికాలం పొద్దున్న ఎండలో కూర్చుంటే వీపుకు ఎలా తగులుతుందో అలా తగులుతుంది, కాకపోతే నాలుగు వైపుల నుంచీ.

“సూర్యుడి గుడి ఈదిలో ఉండి ఎండని కరెంటుతో కాసుకుంటన్నాం. సెమట కోసం పెట్టె తెచ్చుకున్నోళ్లు ఈ జిల్లాలో మనమేనే!” అని మా ఆయన నవ్వాడు. పాలవాడికి చెప్పి నవ్వాడు. ఆటోవాడికి కూడా చెప్పి నవ్వాడు.

పెట్టె బిగించడానికి వచ్చిన మనిషి బూట్లతో దేవుడి గది ముందునుంచి నడిచాడు. బటన్లు ఏవి ఎందుకో మా ఆయనకు చెప్పాడు. వాడేది నేనని రెండుసార్లు చెప్పినా “అలాగేనమ్మా” అని మళ్లీ ఆయనవైపే తిరిగాడు. చివరికి వాషింగ్ మెషిన్ నడిచే ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఇదీ పెట్టెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు. అంత వేడి లాగే వస్తువుకు విడిగా లైను ఉండాలని, పెద్ద ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలని పుస్తకంలో రాసి ఉంది. చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు దగ్గర్నుంచి వేరే వైరు లాగేదాకా రెండు రోజులు పెట్టె మీద దుప్పటి కప్పి ఉంచాను.

ఆ పుస్తకం గురించీ చెప్పాలి. అక్షరాలు చీమలంత. తెలుగు లేదు. అట్ట మీద ఒకావిడ లోపల కూర్చుని నవ్వుతూ ఉంటుంది, నుదుటి మీద ఒక్క చెమట చుక్క లేదు. చెమట పట్టించే వస్తువు అట్ట మీద చెమట పట్టని మనిషి బొమ్మ ఎందుకు వేశారని కంపెనీవాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు లేదు.

మొదటి రోజు లోపల ఎవరూ లేకుండా, కిటికీలు తీసి, గంటసేపు ఖాళీగా వేడి చేశాం. కొత్త చెక్క వాసనంతా పోయింది. గాజు తలుపుకు గడియ లేదు, బయటికి తోస్తే తెరుచుకుంటుంది. నేను లోపల కూర్చుని వేలితో తోసి, మోచేత్తో తోసి, చివరికి కాలితో కూడా తోసి చూసుకున్నాను.

దానికి ముందే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మోకాళ్లు కొంచెం అరిగాయి గానీ బిగుసుకుపోవడమే ఎక్కువని చెప్పింది. వేడి వల్ల కాసేపు వదులవుతాయి, నయమైపోవు, ఆ వదులుగా ఉన్నప్పుడే కూర్చోవడం అలవాటు చేసుకోండంది. నాకు బీపీ మాత్ర ఉంది. వేడికి బీపీ ఇంకా దిగొచ్చు కాబట్టి ముందు చూసుకోమంది. పది నిమిషాలతో మొదలుపెట్టమంది, నీళ్లు తాగమంది, ఖాళీ కడుపుతో వద్దు, నిండా తిని వద్దు, జ్వరమున్న రోజు అసలే వద్దు, తల తిరిగినా గుండె దడదడలాడినా వెంటనే బయటికి రమ్మంది. ఇదంతా కంప్యూటరు వైపు చూస్తూ చెప్పింది. నా మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదనుకుంటాను. అయినా ప్రతి మాటా మందుల చీటీ వెనక రాసుకున్నాను.

ఇంత రాసుకున్నా తప్పులు చేశాను. నాలుగో రోజున మోకాళ్లకు నువ్వుల నూనె పట్టించి లోపలికి వెళ్లాను. వేడికి నూనె బాగా లోపలికి ఇంకుతుందని నా తెలివి. నలుగు పెట్టుకుని ఎండలో కూర్చున్నదాన్ని కదా, ఇదీ అంతేననుకున్నాను. ఐదు నిమిషాలకే చర్మం చురచురమంది. బల్ల మీద నూనె మరక పడింది. అది ఈరోజుకీ పోలేదు, మా ఆయన దాన్ని వచ్చినవాళ్లకు చూపిస్తాడు. ఆ తర్వాత పొడి ఒంటితో, వదులైన నూలు గౌనుతో, బల్ల మీద పొందూరు తువ్వాలు మడిచి వేసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను.

బంగారం సంగతి ఇంకోటి. పుస్తెల గొలుసు వేడెక్కి మెడ కింద చురుక్కుమంటోంది. గాజులు కూడా అంతే. గొలుసు తీసి పెడితే మెడ బోసిగా ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెళ్లో వేసుకుని, గొలుసు, గాజులు దేవుడి గదిలో పెట్టి వెళ్లేదాన్ని. ఆ పుస్తకం రాసినవాళ్లకు ఈ చిక్కు ఉంటుందని తెలియదు.

మొదట్లో నలభై అయిదు డిగ్రీలు, పది నిమిషాలు. వెళ్లేముందు పెద్ద గ్లాసుడు నీళ్లు. వచ్చాక ఉప్పేసిన మజ్జిగ, లేదంటే చోడి అంబలి, అదే రాగి జావ. వెంటనే స్నానం చేసేదాన్ని కాదు, ఒళ్లు చల్లారేదాకా ఫ్యాను కింద కూర్చుని తర్వాత గోరువెచ్చటి నీళ్లు పోసుకునేదాన్ని. కార్తీకం పొద్దులు చల్లగా ఉండేవి కాబట్టి ఆ వేడి నిజంగానే హాయిగా ఉండేది. ఒక్కొక్క చెమట బొట్టూ కనుబొమల దగ్గర ఆగి, ఆలోచించుకుని, ముక్కు మీదికి జారేది. ఆ పది నిమిషాలూ ఎవరి మీదా కోపం ఉండేది కాదు. బయటికి వచ్చాక మళ్లీ వచ్చేది.

లోపల ఉన్నంతసేపూ బయట ఎవరో ఒకరు ఉండాలని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి మా ఆయన బయట పేపరు చదువుతూ కాపలా కూర్చునేవాడు. రెండు నిమిషాలకోసారి “ఉన్నావేటే?” అనేవాడు. “ఉన్నాను” అనాలి. అనకపోతే తలుపు తీయాలి. ఒకరోజు పరీక్షిద్దామని నేను పలకలేదు. ఆయన పేజీ తిప్పాడు. ఆ పేజీలో గేదెల సంత వార్త ఉంది. గాజులోంచి నాకు స్పష్టంగా కనబడింది.

బయటికి వచ్చి కాస్త చల్లబడ్డాక, మోకాళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, మా పెళ్లినాటి పనస చెక్క పీట దించి గోడ పక్కన వేసుకునేదాన్ని. మొదటి రోజు పీట మీద రెండు దిళ్లు, దాని మీద నేను, అది కూడా కాళ్లు చాపుకుని. వారానికి ఒక దిండు తీశాను. తర్వాత రెండోది. ఒక కాలు మడవగలిగాను. లేవడం మాత్రం రాలేదు. చివరికి మా అమ్మాయే చూపించింది. పక్కకు ఒరిగి, రెండు చేతులూ నేల మీద ఆనించి, ఒక మోకాలి మీదికి వచ్చి, అప్పుడు లేవాలి. మొదటిసారి లేచినప్పుడు తండ్రీ కూతురూ చప్పట్లు కొట్టారు. వెక్కిరించడానికేమోనని ఇద్దరి మొహాలూ చూశాను. కాదనే అనిపించింది.

పుష్యం వచ్చేసరికి ముప్పావుగంట కూర్చోగలిగాను. అప్పుడే వదిన పెళ్లి చీరలు చూడ్డానికి వచ్చింది. వచ్చింది ఆదివారం.

ఇక్కడ నా ఆదివారం గురించి చెప్పాలి. చిన్నప్పుడు నాకు కళ్ల జబ్బు చేస్తే మా అమ్మ సూర్యుడికి మొక్కుకుంది. అప్పట్నుంచీ ఆదివారం నాడు నేను ఉప్పు ముట్టను. మధ్యాహ్నం ఒక్క పూట చప్పిడి భోజనం. అంతకుముందు పొద్దున్న గుడికి వెళ్లి వచ్చి గ్లాసుడు పాలు. అరసవల్లిలో ఇది వింత కాదు, మా వీధిలో నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజుదాకా ఆదివారాలు పెట్టె జోలికి వెళ్లలేదు, గుడి జనంతో, పనులతో కుదరక. ఆ ఆదివారం మాత్రం వదిన ఉంది. ఆవిడ చూడాలి.

వదిన గుమ్మంలోకి వస్తూనే పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. “ఇదేటే మరదలా, ఇంట్లో కొలిమి ఎట్టుకున్నావు?”

“పదిహేను నిమిషాలు కూర్చుని వస్తాను, అప్పుడు చీరలు చూద్దాం వదినా” అని తేలిగ్గా అన్నాను. వేడి మామూలు కన్నా పైకి పెట్టాను. లోపలికి వెళ్లాను. వదిన గాజుకు ముక్కు ఆనించి చూస్తోంది.

“సెమటట్టేస్తంది కదే! సాల్లే, బేగి వచ్చీ.”

చెయ్యి ఊపాను. పదిహేను నిమిషాలయ్యాయి. మా ఆయన “అయిపోయిందే” అన్నాడు. నేను కదల్లేదు. వదిన “ఉడికిపోతావే బాబూ!” అంది. ఆ మాటకు ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో ఐదు. అప్పుడు రాణిలా లేచి నిలబడ్డాను, ఒక్కసారిగా. తలుపు తోశాను. వదిన మొహం కనిపించింది, తర్వాత దాని అంచులు నల్లబడ్డాయి, తర్వాత ఏమీ కనిపించలేదు.

కింద పడలేదు. వదిన పట్టుకుంది. ఆవిడ చేతుల్లో బలం ఇంకా పొలం పనినాటిదే. నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద నా పనస పీట జరిపి, “ఒరే తమ్ముడా, ఆ పేపరు సదివింది సాలు, దాంతో ఇసురు!” అని అరిచింది. నాకు మాటలు వినిపిస్తున్నాయి. తడి గుడ్డ నుదుటి మీద పడింది.

“ఏటి తిన్నావే పొద్దున్న?”

“పాలు.”

“ఉప్పూ?”

“ఆదివారం కదా వదినా.”

వదిన నోట్లోంచి మాట కట్టలు తెంచుకుని వచ్చింది. “ఒలమ్మో! సప్పిడి రోజున సెమట కారుస్తావేటే! కోతలప్పుడు మా అయ్య కూలోళ్లకి గెంజిలో ఉప్పేసి గాని ఇచ్చీవోడు కాదు. సెమటతో ఉప్పంతా పోతాది. ఇంత సదువుకున్నావు, ఆ ముక్క తెలీదేటి నీకు?”

ఉప్పేసిన మజ్జిగ గ్లాసు నా పెదాల దగ్గరికి వచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాను.

“తాగే!”

“ఆదివారం.”

“దేవుడితో నాను సెప్పుకుంటాను, నువ్వు తాగు!”

“నా మొక్కు గురించి నువ్వెందుకు చెప్పుకోవడం వదినా, నాకు నోరు లేదా?”

“కళ్లు తేలేసి కూడా మొండితనం ఒగ్గదు సూడు!” అని వదిన మా ఆయనతో అంది. ఆయన విసురుతూనే ఉన్నాడు. ఇద్దరి మధ్య నుంచి మా అమ్మాయి గుడి వీధిలోకి పరుగెత్తి బొండం కొట్టించి తెచ్చింది. కొబ్బరినీళ్లలో ఎవరూ ఉప్పు వెయ్యరు, దేవుడికి అభ్యంతరం ఉండదు. తాగాను. అరగంటలో లేచి కూర్చున్నాను. బీపీ చూస్తే తక్కువగా ఉంది, గంట తర్వాత మామూలుకొచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఈసారి కంప్యూటరు వైపు చూడలేదు, నా మొహంలోకే చూసింది. ఉపవాసం, ఉప్పులేని రోజు, బీపీ మాత్ర, చెప్పిన దానికన్నా ఎక్కువసేపు, లేవడం కూడా ఒక్కసారిగా. ఒక్కొక్కటీ వేలు మడుస్తూ అంది. ఐదు వేళ్లూ అయ్యాయి. మా వదిన చెప్పింది నిజమేనా అని అడిగాను. నిజమేనంది. ఆ సంగతి వదినకు చెప్పమని ఆవిడ నన్ను అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి పెట్టె ప్లగ్గు తీసేసి ఉంది. మా ఆయన జీవితంలో మొదటిసారి నాతో గట్టిగా, “ఇంక ఒద్దు” అన్నాడు. వదిన బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుంది. “పోన్లే మరదలా. పీటల సంగతి నాకొగ్గేయ్. నువ్వు బాగుంటే సాలు.” ఈసారి వెటకారం లేదు. నిజంగానే అంది. ఎర్ర కుర్చీ కన్నా అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. వెటకారంగా అంటే జవాబు చెప్పేదాన్ని.

వారం రోజులు పెట్టె ముట్టకుండా పీట మీదే కూర్చున్నాను. తర్వాత ఒక కాగితం మీద నేనే షరతులు రాసి గాజు తలుపుకు అంటించాను. పదిహేను నిమిషాలు కాగానే వంటింటి గంట, అదే తిప్పి పెట్టే టైమరు, మోగుతుంది, మోగగానే నేను బయటికి వస్తాను. వేడి యాభై దాటదు. ఆదివారం పెట్టె తలుపు తెరవను. ముందు టిఫిను తిని గంటన్నర ఆగుతాను. కాపలా మనిషి పేపరు చదవకూడదు. లేచేముందు తలుపు తీసి ఒక నిమిషం అలాగే కూర్చోవాలి. బయటికి వచ్చాక నడవకూడదు, తలుపు పక్కనే కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఆ కుర్చీ నేనే వేసుకున్నాను, ఇంకొకరు వేయలేదు.

మా ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. “పేపరు సంగతి ఇంకా మర్చిపోలేదేటే?” అన్నాడు. ప్లగ్గు పెట్టాడు.

పెళ్లికి నెలరోజులుంది. వారంలో ఆదివారం పోను మిగిలిన ఆరు రోజుల్లో కూడా రోజు విడిచి రోజే కూర్చున్నాను. ఒంట్లో బాగాలేని రోజు మానేశాను. అది నాకు కష్టమే, మొదలుపెట్టింది మానడం నా స్వభావంలో లేదు. పీట మీద మాత్రం రోజూ కూర్చున్నాను, పెట్టె ఉన్నా లేకపోయినా. డాక్టరమ్మ చెప్పినట్టు వేడి ఒళ్లు వదులు చేసింది అంతే. కూర్చోవడం కూర్చోగా కూర్చోగా వచ్చింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు, గంటా ఇరవై నిమిషాలు.

ముహూర్తం ఆదివారం పడింది. చుట్టాలందరికీ సెలవని సంతోషం. నాకు మాత్రం ఆ పుష్యపు ఆదివారమే మళ్లీ వచ్చినట్టుంది. కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం, ఉప్పు లేని రోజు, పట్టుచీర, ఎదురుగా హోమం, చుట్టూ జనం. పెట్టెకు చెక్క గోడలు లేవు, అంతే తేడా. ముందే డాక్టరమ్మను కలిశాను. ఆ పూట మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. తెల్లవారుతూనే రెండు బొండాల నీళ్లు తాగాను. పంతులుగారితో మాట్లాడి పీట కింద మడత చాప వేయించాను. పక్కన టేబులు ఫ్యాను పెట్టించాను, మంట మీదికి కాకుండా నా మీదికి.

కల్యాణ మండపంలో పీటల మీద కూర్చున్నాం, మా ఆయనా నేనూ. సరిగ్గా నా వెనక వదిన. కొత్త పట్టుచీర, వడ్డాణం, తల నిండా పూలు. పీటల మీద కూర్చోవడానికి అన్నీ సరిపోయేలా ముస్తాబైంది. నాకేమైనా అయితే ఆలస్యం కాకూడదని కాబోలు.

పంతులుగారు ఎక్కడా తొందరపడలేదు. అల్లుడి కాళ్లు కడిగాం. నేను చెంబుతో నీళ్లు పోశాను. మా అమ్మాయి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. అది చల్లగా ఉంది, పసుపు రాసి ఉంది. దాన్ని పట్టుకుని కూర్చున్నంతసేపూ మోకాళ్లు ఉన్నాయన్న సంగతే గుర్తు రాలేదు. వెనక నుంచి మాత్రం ప్రతి పది నిమిషాలకూ వదిన గుసగుస.

“బాగున్నావేటే?”

“బాగున్నాను.”

“కళ్లు తిరగతన్నాయేటి?”

“నీ మాటలకు తప్ప దేనికీ తిరగడం లేదు వదినా.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అది వదినేనని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

గంటా నలభై నిమిషాలు. పంతులుగారు “ఇక మీరు లేవచ్చు” అన్నారు. ఫోటోగ్రాఫరు, చుట్టాలు, వియ్యాలవారు, అందరూ అటే చూస్తున్నారు. పక్కకు ఒరిగాను. చేతులు ఆనించాను. ఒక మోకాలి మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగాను. లేచి నిలబడ్డాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

మా ఆయన లేవలేదు.

“ఏమండీ?”

“కాలు తిమ్మిరెక్కిపోయిందే” అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. నాలుగు నెలలు బయట కూర్చుని పెట్టెను చూసి నవ్విన మనిషి. చెయ్యి అందించాను. నా భుజం పట్టుకుని, ఒంటికాలి మీద, అందరి ముందూ లేచాడు.

“ఒరే తమ్ముడా, నీకేటయ్యిందిరా!” అంది వదిన. తర్వాత నన్ను కింద నుంచి పైదాకా చూసి, “నెగిసిందే! మొండిది నెగిసిందే!” అని మండపమంతా వినబడేలా అరిచింది. ఆవిడ కళ్లు తుడుచుకుంది. హోమం పొగేమో, నేను అడగలేదు.

పెళ్లయిన మూడు వారాలకు వదిన మళ్లీ బొబ్బిలి నుంచి వచ్చింది. కాఫీ తాగాక పెట్టె వైపు చూస్తూ, “నా మోకాళ్లు కూడా పీకేస్తన్నాయే. ఓ పావుగంట నీ కొలిమిలో కూకుంటాను” అంది.

“డాక్టరును అడిగావా?”

“నాకు డాక్టరేటే!”

“అయితే ఈరోజు కాదు.”

నిజంగానే పంపించేశాను. వదిన వాకిట్లో చెప్పులేసుకుంటూ, “గుడిలో కూడా ఇన్ని అడగరు” అంది. పది రోజులకు డాక్టరు చీటీ పట్టుకుని తిరిగి వచ్చింది. ఏం తిందో అడిగాను, ఎన్నింటికి తిందో అడిగాను, మాత్రల పేర్లు చదివించుకున్నాను. గొలుసు, గాజులు తీయించి పసుపు తాడు కట్టాను. మోకాళ్లకు నూనె రాసిందేమోనని వేలితో తడిమి చూశాను. నలభై అయిదు డిగ్రీలు పెట్టాను. వంటింటి గంట పది నిమిషాలకు తిప్పి, గాజుకు ఎదురుగా కూర్చున్నాను. పేపరు పట్టుకోలేదు.

“అయిపోనాదేటే?” లోపలినుంచి కేక.

“మూడు నిమిషాలయ్యింది.”

“ఒలమ్మో! నువ్వెలా కూకున్నావే ఇందులో నాలుగు నెలలు?”

“నువ్వు అన్న మాటలు తలుచుకుంటూ.”

లోపల నవ్వు గాజుకు తగిలి వినిపించింది. గంట మోగింది. తలుపు తీసి ఒక నిమిషం అలాగే కూర్చోమన్నాను. ఈలోగా తలుపు పక్కన కుర్చీ వేశాను. మా ఇంట్లో ఎర్రవి లేవు, నీలం ప్లాస్టిక్‌ది వేశాను.

వదిన చెమటలు కారుతూ బయటికి అడుగుపెట్టింది. కుర్చీని చూసింది. నన్ను చూసింది.

“అది ఇంకా మనసులో ఎట్టుకున్నావేటే?”

“ఏది వదినా?” అన్నాను.

వదిన కుర్చీలో కూలబడింది. ఉప్పేసిన మజ్జిగ చేతికిచ్చాను. పొద్దున్నే కలిపి పెట్టిన పులిహోర వంటింట్లో ఉంది, ఇద్దరికీ సరిపడా.

“లేవకు. ఇంకా ఐదు నిమిషాలు” అని గంట మళ్లీ తిప్పాను.